సమీక్షలో ముందు మన బాకీలు చెప్పుకుందాం

(తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవం నాడు హనుమకొండలో, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీర్లను ఉద్దేశించి ఒక విశ్రాంత పర్యవేక్షక ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఈ మధ్యే కొలువుల్లో చేరిన యువ ఇంజనీర్లకు నమస్కారం.

జులై 11 నిజాం కాలపు చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ జయంతి. ఆయన ఆధ్వర్యంలో మంజీరా మీద 1923లో మొదలైన నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. అంత పెద్ద కట్టడాన్ని చేతికందించిన తరాన్ని తలచుకునే రోజున డిజైన్ల గురించో, కొత్త యంత్రాల గురించో మాట్లాడతానని మీరు అనుకొని ఉండవచ్చు. నేను మాట్లాడబోయేది సమీక్షా సమావేశం గురించి. ప్రభుత్వం ఒక పనిని గుత్తేదారుకు అప్పగించాక, ఆ పని ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి పదిహేను రోజులకో, నెలకో జరిపే సమావేశం గురించి. మీ ఉద్యోగ జీవితంలో చాలా భాగం ఈ సమావేశాల్లోనే గడుస్తుంది. వాటిని ఎలా జరపాలో మాత్రం కాలేజీలో ఎవరూ చెప్పరు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే మాట. మిగతాదంతా దానికి వివరణే. అగ్రిమెంటు మీద రెండు సంతకాలు ఉంటాయి. గుత్తేదారు పని చేస్తానని సంతకం పెట్టాడు. ప్రభుత్వం తరఫున మన ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) కూడా సంతకం పెట్టాడు. స్థలం అప్పగిస్తామని, డ్రాయింగులు ఇస్తామని, అడిగిన దానికి సమయానికి నిర్ణయం చెబుతామని, కొలతలు రాస్తామని, బిల్లు చెల్లిస్తామని ఆ సంతకానికి అర్థం. మన సమీక్షల్లో మొదటి సంతకం మీదే విచారణ జరుగుతుంది. రెండో సంతకం సంగతి ఎవరూ అడగరు. సమావేశం మొదలుకాగానే ముందు శాఖ తన బాకీలు చదవాలి, ఆ తర్వాతే గుత్తేదారును అడగాలి అన్నది నా మాట. ఇది గుత్తేదారు పక్షాన చెబుతున్న మాటగా అనిపిస్తే కొంచెం ఓపిక పట్టండి. ప్రభుత్వం సొమ్మును కాపాడాలనే చెబుతున్నాను.

ముందు ఇప్పుడు జరుగుతున్న తీరు చూద్దాం. కలెక్టరేట్ సమావేశ మందిరంలో ఒక పూటలో అరవై పనుల జాబితా తెరుస్తారు. ఒక్కో పనికి రెండు నిమిషాలు. "ఎంత శాతం అయింది?" "డెబ్బై రెండు శాతం సార్." "ఎప్పుడు పూర్తి చేస్తారు?" "నెలాఖరుకు సార్." తర్వాతి పని. వచ్చే నెల అదే పని దగ్గర మళ్లీ అదే ప్రశ్న, జవాబులో శాతం డెబ్బై నాలుగు. అడిగినవారికి అడిగామన్న తృప్తి, చెప్పినవారికి గండం గడిచిందన్న ఊరట. పనికి మాత్రం ఏ మేలూ జరగలేదు.

ఈ శాతం అనే దాన్ని మీరు బాగా అర్థం చేసుకోవాలి. కొంచెం ఎక్కువసేపే దీని మీద నిలబడతాను. ఒక మంచినీటి పథకం తీసుకోండి. అందులో ఎక్కువ ఖర్చు పైపులదే. గుత్తేదారు పైపులన్నీ తెప్పించి ఊరి బయట వరుసగా పేర్చాడు. కొలిచి బిల్లు పెట్టాం. ఆర్థిక పురోగతి యాభై శాతం దాటింది. కందకం తవ్వింది మాత్రం రెండు కిలోమీటర్లే. రైల్వే లైను కింద నుంచి పైపు దాటించడానికి అనుమతి ఇంకా రాలేదు, దానికి దరఖాస్తే పోలేదు. ట్యాంకు కట్టవలసిన స్థలం మీద పంచాయితీ నడుస్తోంది. కాగితం మీద సగం పైగా అయిన పని ఇది. నిజానికి కష్టమైన భాగం ఒక్కటీ మొదలు కాలేదు.

వంతెనలది ఇంకో తీరు. స్తంభాలు లేచాయి, శ్లాబు పడింది, రెయిలింగు కూడా పెట్టారు. తొంభై శాతం. కానీ రెండు వైపులా రోడ్డు కలిపే చోట పట్టా భూమి ఉంది. రైతుకు పరిహారం అందలేదు. ఆ తొంభై శాతం వల్ల ఒక్క ట్రాక్టరు కూడా వాగు దాటదు. జనం కింద నుంచి, బురదలోంచి, ఎప్పటిలాగే నడుస్తారు. అందుకే ఎంత అయిందని అడిగే అలవాటు తగ్గించుకోండి. ఇంకా ఏం మిగిలింది, దాన్ని ఆపుతున్నది ఏమిటి, ఆ అడ్డు తీసే అధికారం ఎవరి చేతిలో ఉంది, ఆయన ఏ తేదీకి తీస్తానన్నాడు అని అడగండి. ఈ నాలుగింటికీ జవాబు దొరికితే శాతం ఎంతో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆగిన పనులకు ఇంకో కష్టం ఉంటుంది. ఏడాది పాటు కదలని పని మీద మాట్లాడటానికి అందరికీ ఇబ్బందే. క్రమంగా అది జాబితాలో కిందికి జారుతుంది, చివరి పేజీకి చేరుతుంది, ఒక నెల సమయం చాలక దాని వంతు రాదు, ఆ తర్వాత దాన్ని అడిగేవారే ఉండరు. పని మాత్రం అక్కడ ఎండకూ వానకూ ఉంటుంది. పెద్దపల్లి జిల్లా ఓడేడు దగ్గర మానేరు మీద 2016లో మొదలైన వంతెన మీకందరికీ తెలిసే ఉంటుంది. పూర్తికాకుండానే ఏళ్లు గడిచాయి. 2024 ఏప్రిల్‌లో ఒక రాత్రి వీచిన ఈదురుగాలులకు గర్డర్లు కింద పడ్డాయి. అక్కడ ఎవరి తప్పు ఎంత అన్నది తేల్చే పని నాది కాదు. సగంలో ఆగిన కట్టడం ఉన్నచోట ఉన్నట్టుగా మన కోసం ఎదురు చూడదు అని మాత్రం మనం గుర్తుంచుకోవాలి. బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు తుప్పు పడతాయి, సెంట్రింగు పాడవుతుంది, కట్ట మట్టి కోసుకుపోతుంది. అందువల్ల ఆగిన పనులు జాబితాలో మొదట ఉండాలి. చక్కగా నడుస్తున్న పనుల గురించి ఫోనులో మాట్లాడుకున్నా చాలు.

మరి మన ప్రాంతంలో అనుకున్న రోజుకు పూర్తయ్యే పనులే లేవా? ఉన్నాయి. మేడారం చూడండి. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి సమ్మక్క, సారలమ్మ గద్దెలకు వస్తారు. ఏ గుత్తేదారు అడిగినా, ఏ అధికారి అడిగినా ఆ తేదీ మారదు. జంపన్నవాగు దగ్గర స్నానఘట్టాలు, నల్లాలు, మరుగుదొడ్లు, రోడ్లు, కరెంటు అన్నీ ఆ తేదీ నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ చేయాలి. జాతర దగ్గరపడ్డాక సమీక్షలు అక్కడే, పని జరిగే చోటే జరుగుతాయి. రోడ్లు భవనాల శాఖ, పంచాయతీరాజ్, నీటిపారుదల, విద్యుత్, అటవీ శాఖల వారు ఒకేచోట నిలబడి ఉంటారు. స్తంభం జరపాలంటే జరిపేవాడు అక్కడే ఉన్నాడు. చెట్టు కొమ్మ కొట్టాలంటే అనుమతి ఇచ్చేవాడు అక్కడే ఉన్నాడు. మామూలు రోజుల్లో మూడు ఉత్తరాలు, ఆరు వారాలు పట్టే నిర్ణయం సాయంత్రానికి అయిపోతుంది. అదే ఇంజనీర్లు, అదే గుత్తేదారులు. మారింది సమావేశం జరిగే తీరు.

అయితే జాతర పనుల్లో మనం నేర్చుకోకూడనిది కూడా ఒకటి ఉంది. చివరి వారంలో హడావిడిగా పోసిన కాంక్రీటుకు నీళ్లు పట్టే సమయం ఉండదు. కొత్త మట్టికి సరిగా రోలింగు ఉండదు. మారని తేదీని, అక్కడికక్కడే నిర్ణయాన్ని మేడారం నుంచి తెచ్చుకోండి. తొందరను తెచ్చుకోకండి. మామూలు పనులకు తొందర అక్కరలేనంత సమయం మనకు ఉంటుంది, ముందు నుంచీ వాడుకుంటే.

సమయం అన్నాను కాబట్టి రుతువుల సంగతి చెప్పాలి. పన్నెండు నెలల గడువుతో అగ్రిమెంటు రాసుకుంటాం కానీ ఉత్తర తెలంగాణలో పన్నెండు నెలలూ పని జరగదు. కాకతీయ కాలువనే తీసుకోండి. పోచంపాడు నుంచి 284 కిలోమీటర్లు, నూట నలభై ఆరో కిలోమీటరు దగ్గర దిగువ మానేరు. లైనింగు మరమ్మతులు, తూముల షట్టర్లు, గండ్లు పడే చోట్ల గట్టు బలపరచడం, ఇవన్నీ యాసంగి నీళ్లు ఆపాక, వానాకాలం నీళ్లు వదలక ముందు చేయాలి. చెరువు పనులూ అంతే. పూడిక తీయాలన్నా, తూము మార్చాలన్నా చెరువు ఎండాలి, మృగశిర దాటితే వాన ఎప్పుడైనా పడుతుంది. ఏప్రిల్‌లో ఒక డ్రాయింగు ఆమోదం మూడు వారాలు ఆలస్యమైతే మనం పోగొట్టుకున్నది మూడు వారాలు అనుకుంటాం. పోయింది ఒక ఏడాది. ఆ తూము కింది ఆయకట్టు రైతుకు రెండు పంటలు.

కాబట్టి కాలువ పని మీద అసలైన సమీక్ష జనవరిలో జరగాలి. అప్పటికి పొలాల్లో నాట్లు పడుతుంటాయి, కాలువ నిండా నీళ్లుంటాయి, పని జరిగే చోట చూడటానికి ఏమీ ఉండదు. అందుకే ఆ నెలలో సమావేశం పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు. కానీ డ్రాయింగు, ఇసుక అనుమతి, షట్టర్ల తయారీ ఆర్డరు, కూలీల ఏర్పాటు అన్నీ తేలవలసింది అప్పుడే. నీళ్లు ఆగిన రోజున యంత్రం గట్టు మీద ఉండాలి. మనం చాలా సార్లు నీళ్లు ఆగాక సమావేశం పెట్టుకుంటాం.

కూలీల విషయం ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళతాను. నాట్ల వేళ, కోతల వేళ స్థానిక కూలీలు దొరకరు. బిహార్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవారు హోలీకి, ఛఠ్ పండుగకు ఊళ్లకు వెళ్లి తిరిగి రావడానికి వారాలు పడుతుంది. ఇది ప్రతి ఏడాదీ జరిగేదే. కార్యక్రమ పట్టికలో ముందే రాసుకోవాలి.

ఇప్పుడు కొంచెం చట్టం. ఇక్కడ దయచేసి శ్రద్ధగా వినండి. ప్రభుత్వం సొమ్మును కాపాడాలన్న మాట ఇక్కడే అర్థమవుతుంది.

1872 నాటి భారత కాంట్రాక్టుల చట్టంలో 55వ సెక్షన్ ఉంది. గడువులోగా పని చేయడమే ముఖ్యమైన ఒప్పందంలో ఒకరు గడువు తప్పితే రెండోవారు ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. కానీ రద్దు చేసుకోకుండా, గడువు దాటాక కూడా పనిని స్వీకరిస్తే, ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి పరిహారం అడుగుతామని ఆ స్వీకరించే సమయంలోనే నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే తర్వాత అడిగే హక్కు ఉండదు. మనం ఏం చేస్తాం? మార్చితో గడువు ముగుస్తుంది. ఎవరూ ఏమీ రాయరు. పని సాగుతూ ఉంటుంది, బిల్లులు పోతూ ఉంటాయి. పని పూర్తయ్యాక, తుది బిల్లు దగ్గర, గడువు పొడిగింపు ఫైలు తెరిచి జరిమానా వేస్తాం. అప్పుడు గుత్తేదారు కోర్టుకు వెళ్లి, ఇంతకాలం మౌనంగా పని చేయించుకున్నారు కదా అని అడిగితే మన దగ్గర జవాబు ఉండదు. గడువు పొడిగింపుకు, ఆలస్యానికి జరిమానాకు వీలు కల్పించే నిబంధనలు ఒప్పందంలో ఉన్నప్పుడు, సాధారణంగా గడువు దానికి ప్రాణం వంటిదని అనలేమని సుప్రీంకోర్టు 1979లోనే హింద్ కన్‌స్ట్రక్షన్ కేసులో చెప్పింది. అంటే గడువు అనేది అగ్రిమెంటులో ఒక అంకె వేసినంత మాత్రాన నిలబడదు. ప్రతి నెలా దాన్ని పట్టించుకున్నామని కాగితం మీద కనిపించాలి. ఆ కాగితమే సమీక్ష మినిట్స్, అంటే సమావేశంలో అనుకున్నవాటిని నమోదు చేసే రాత.

రెండో వైపు చూడండి. మన దగ్గర దశాబ్దాలుగా వాడుతున్న ఏపీడీఎస్ఎస్ (ఆంధ్రప్రదేశ్ డిటెయిల్డ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్) ప్రాథమిక నిబంధనల్లో 59వ క్లాజు ఉంది. ఆలస్యాలకు, ఆటంకాలకు గుత్తేదారుకు డబ్బు రూపంలో పరిహారం ఉండదు, సబబైన మేరకు గడువు పొడిగింపు ఉంటుంది అన్నది దాని సారాంశం. అంటే మన వల్ల ఆరు నెలలు పని ఆగినా అతనికి దక్కేది సమయమే. సిమెంటు ధర పెరిగినా, యంత్రాల అద్దె మీద పడినా అతనే భరించాలి. అలాంటప్పుడు ఆ సమయాన్నయినా న్యాయంగా లెక్కగట్టాలి కదా! స్థలం ఏ రోజున ఇచ్చాం, ఏ ముక్క ఇంకా ఇవ్వలేదు, డ్రాయింగు ఎప్పుడు అడిగాడు, ఎప్పుడు ఇచ్చాం అన్నది ఎక్కడైనా రాసి ఉంటేనే ఆ లెక్క వస్తుంది. కేంద్ర ప్రజాపనుల విభాగంలో దీనికోసం ఆటంకాల రిజిస్టరు నిర్వహిస్తారు. మీ పనిలో అలాంటి రిజిస్టరు పెట్టమని ఎవరూ చెప్పకపోయినా మీరు పెట్టండి. ఆటంకం మొదలైన తేదీ, తీరిన తేదీ, ఎవరి వల్ల, ఎన్ని రోజులు. సమీక్షలో ఇద్దరూ చూసి సంతకాలు పెట్టాలి. మూడేళ్ల తర్వాత జ్ఞాపకం మీద ఆధారపడి రాసే పొడిగింపు ఫైలులో నిజం కంటే ఊహ ఎక్కువ ఉంటుంది. మీరు బదిలీ అయిపోతారు, కొత్తగా వచ్చిన ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) ఏమీ తెలియదు, గుత్తేదారు చెప్పిందే చరిత్ర అవుతుంది.

వానల సంగతే చూడండి. పొడిగింపు దరఖాస్తుల్లో అందరూ రాసే మాట "భారీ వర్షాల వల్ల". ఎక్కడి వర్షం, ఎన్ని రోజులు? మన రాష్ట్రంలో మండలాల వారీగా వాతావరణ కేంద్రాల లెక్కలు ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరే నీళ్లలో మునిగింది. ఆ వారం ఆ చుట్టుపక్కల పని జరగలేదంటే ఎవరు కాదంటారు? కానీ అదే వానను చూపించి ఎక్కడో ఉన్న భవనం లోపలి ప్లాస్టరింగు ఆగిందంటే ఒప్పుకోకూడదు. నెల నెలా వర్షపాతం లెక్కను మినిట్స్‌కు జత చేస్తే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

ఇక డబ్బు. నేను చూసినంతలో సమీక్షల్లో అందరూ తప్పించుకు తిరిగే విషయం ఇదే. "పని ఎందుకు నెమ్మదించింది?" అని పై అధికారి అడుగుతాడు. "మనుషులను పెంచుతాను సార్" అంటాడు గుత్తేదారు. రెండు బిల్లులు రాలేదని అతనికి తెలుసు, మనకు తెలుసు, అడిగిన అధికారికీ తెలుసు. కానీ ఆ మాట ఎవరి నోటా రాదు. మినిట్స్‌లో "మనుషులను పెంచి పని వేగవంతం చేయాలని ఆదేశించడమైనది" అని రాస్తాం.

నిధులు విడుదల చేయడం ఏఈ చేతిలోనో, ఈఈ చేతిలోనో లేదు. ఒప్పుకుంటాను. కానీ బిల్లు ప్రయాణంలో మన చేతిలో ఉన్న భాగం చాలా ఉంది. పని జరిగాక కొలతలు ఎంబీలో (కొలతల పుస్తకంలో) ఎన్ని రోజులకు ఎక్కాయి? డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ఎన్ని రోజులకు సరిచూశాడు? నాణ్యత విభాగం నివేదిక ఎక్కడ ఆగింది? బిల్లు తప్పులతో పోయి తిరిగి వచ్చిందా? ఈ తేదీలు సమీక్షలో చదవండి. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరు 29న ఇచ్చిన సూచనల్లో, బిల్లు అందిన పది పనిదినాల్లో అర్హమైన మొత్తంలో కనీసం 75 శాతం చెల్లించాలని, పూర్తి తనిఖీ చేసి మిగతాది 28 పనిదినాల్లోగా ఇవ్వాలని ఉంది. అవి కేంద్ర సంస్థల కోసం ఇచ్చినవి. మనం వాటిని కొలబద్దగా పెట్టుకుంటే మన ఆలస్యం ఎంతో మనకే తెలుస్తుంది. మన భాగంలో రోజులు తగ్గిస్తే, మిగతా ఆలస్యం ఎక్కడుందో పైవాళ్లకు స్పష్టంగా చూపించే నైతిక బలం మనకు వస్తుంది. చిన్న గుత్తేదారులు వడ్డీకి తెచ్చి కూలీలకు ఇస్తారు. బిల్లు ఆలస్యమైన నెలలో వారు ఆదా చేసేది సిమెంటులోనే. కాబట్టి చెల్లింపు సంగతిని నాణ్యత సంగతి నుంచి విడదీసి చూడలేం.

సమావేశంలో ఎవరు కూర్చోవాలి? నిర్ణయం చెప్పగలిగినవారు. అగ్రిమెంటు మీద పేరున్న సంస్థ హైదరాబాద్‌లో ఉంటుంది, పని చేసేది జనగామలోనో మహబూబాబాద్‌లోనో ఉన్న మరొకరు, సమావేశానికి వచ్చేది ఆయన దగ్గర జీతానికి ఉన్న సూపర్‌వైజరు. ఆ అబ్బాయిని నిలబెట్టి అందరూ కోప్పడతారు. అతను ఏం చెప్పగలడు? సంస్థ తరఫున మాట ఇవ్వగల మనిషి పేరును రాతపూర్వకంగా తెప్పించుకోండి. అతను రాకపోతే ఆ రోజు సమీక్ష జరగలేదని, ఎందుకు జరగలేదో రాయండి. మన వైపు నుంచి కూడా అంతే. భూసేకరణ చిక్కు ఉన్న పనికి తహసీల్దారో, ఆర్డీవో కార్యాలయం నుంచి సంబంధిత అధికారో రాకుండా మనలో మనం ఎంత చర్చించినా భూమి రాదు.

దీనికి ముందే కబురు ఉండాలి. 2015 మార్చి 25న మొదలైన ప్రగతి సమీక్షలు మీకు తెలుసు. ప్రధానమంత్రి నెలకోసారి కేంద్ర కార్యదర్శులతో, రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులతో వీడియోలో జరిపేవి. అక్కడ చర్చించే అంశాలను వారం ముందే సంబంధితులకు పంపి, మూడు రోజుల్లో జవాబు రాయమనే పద్ధతి పెట్టారు. సమావేశంలోకి వచ్చేసరికి సగం చిక్కులు ఆ జవాబుల్లోనే తీరిపోయే వీలుంటుంది. ఇందులో పెద్ద సాంకేతికత ఏమీ లేదు. ఒక మండలంలో నాలుగు పనులు చూసే ఏఈ కూడా వారం ముందు ఒక పేజీ పంపగలడు. ఆ పేజీలో మొదటి భాగం శాఖ బాకీలు, రెండో భాగం గుత్తేదారు బాకీలు. ఆ వరుస మార్చకండి. మన బాకీలు ముందు చదివితే గదిలో గాలి మారిపోతుంది. గుత్తేదారు సాకులు వెతుక్కోవడం మానేస్తాడు, ఎందుకంటే అతను చెప్పబోయే సాకుల్లో నిజమైనవన్నీ మనమే చెప్పేశాం. మిగిలినవి నిలబడవు. అప్పుడు గట్టిగా అడిగే హక్కు మనకు వస్తుంది.

తేదీ కూడా అందరికీ తెలిసి, స్థిరంగా ఉండాలి. సోమవారం ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోతుంది కాబట్టి ఆ రోజు వద్దు. రెండో బుధవారం, నాలుగో బుధవారం అనుకుంటే అవే. పై అధికారి పర్యటన ఉందని ఒకసారి వాయిదా వేస్తే, రెండోసారి వాయిదా వేయడానికి కారణం అక్కరలేదు. మీరు రాలేని రోజున మీ డీఈ జరపాలి. ఆగకూడదు.

మినిట్స్ గురించి ఇప్పటికే చాలా చెప్పాను. ఇంకొంచెం. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన టెండరు పత్రాలు చదవండి. యాజమాన్య సమావేశాలు అని ఒక నిబంధన ఉంటుంది. ఇంజనీరు పిలిచినా, గుత్తేదారు పిలిచినా రెండోవారు రావాలి. చర్చించిన విషయాలను ఇంజనీరే రాసి అందరికీ ప్రతులు ఇవ్వాలి. రాబోయే చిక్కును గుత్తేదారు ముందుగానే హెచ్చరించాలన్న నిబంధన కూడా ఉంటుంది. అంటే సమీక్ష అనేది పై అధికారి దయతోనో, కోపంతోనో పెట్టే సభ కాదు, అగ్రిమెంటులోని బాధ్యత. గుత్తేదారుకు కూడా సమావేశం అడిగే హక్కు ఉందని మన వాళ్లలో చాలామందికి తెలియదు.

ఆ రాతలు ఆ రోజే పూర్తి కావాలి. పది రోజుల తర్వాత టైపు చేసిన మినిట్స్‌లో ఇబ్బందికరమైన వాక్యాలు కనిపించకుండా పోతాయి. ఒక పేజీ చాలు. గత సమావేశంలో ఒప్పుకున్నది ఏమైంది అన్నది పైన, కొత్తగా ఒప్పుకున్నది కింద, ప్రతిదానికీ ఒక మనిషి పేరు, ఒక తేదీ. "సత్వర చర్యలు తీసుకోవాలి" అనే వాక్యం ఎక్కడా ఉండకూడదు, ఎవరు ఎప్పటికి ఏం చేయాలో అందులో లేదు కాబట్టి. తెలుగులో రాయండి. పని చేయించే మేస్త్రీ చదవగలగాలి. పని జరుగుతున్న ఊరి సర్పంచ్ చదవగలగాలి. సమాచార హక్కు చట్టం కింద పౌరులకు పత్రాలు అడిగే హక్కే కాదు, పనులను తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా ఉంది. 2005 నుంచి ఉంది. వాళ్లు అడిగేదాకా ఆగకుండా ఆ ఒక్క పేజీని పంచాయతీ కార్యాలయం గోడకు అంటించండి. తూము ఏ మట్టంలో పెట్టాలో, వాన వస్తే నీళ్లు ఏ వైపు నుంచి పోటెత్తుతాయో ఆయకట్టు రైతుకు తెలిసినంతగా మన లెవెలింగు పరికరానికి తెలియదు. కాగితం చూస్తే వాళ్లే వచ్చి చెబుతారు.

నా సమయం అయిపోయినట్టుంది. అక్కడ వెనక వరుసలో ఒక అమ్మాయి చాలాసేపటి నుంచి చేయి ఎత్తి ఉంచింది. అడుగు తల్లీ.

(మినిట్స్ మీద గుత్తేదారు సంతకం పెట్టనంటే ఏం చేయాలని ఆమె అడిగారు.)

మంచి ప్రశ్న. పెట్టరు, చాలాసార్లు పెట్టరు. సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని భయం. ముందు ఆ భయం ఎందుకు వచ్చిందో చూడు. మినిట్స్‌లో అతని లోపాలే ఉండి, మన లోపాలు లేకపోతే నేనైనా పెట్టను. రెండూ రాశాక కూడా పెట్టకపోతే గొడవ పడనక్కరలేదు. అదే రోజు సాయంత్రం ఆ పేజీని అగ్రిమెంటులో ఉన్న చిరునామాకు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో, వాళ్లు ఇచ్చిన మెయిల్‌కు కూడా పంపు. అభ్యంతరాలు ఉంటే ఏడు రోజుల్లో రాతపూర్వకంగా తెలపమని ఉత్తరంలో ఒక వాక్యం రాయి. అభ్యంతరం వస్తే దాన్ని దాచకుండా మినిట్స్‌తో పాటే ఫైలులో పెట్టు, వచ్చే సమావేశంలో మొదటి అంశంగా చదువు. అందులో నిజం ఉంటే అక్కడే సరిదిద్దు. రాకపోతే రాలేదని, ఏ తేదీన పంపామో, ఏ తేదీన అందిందో పోస్టు రశీదుతో సహా నమోదు చేయి. ఆ రశీదును ఫైలులో కుట్టించు. పిన్ను పెట్టి వదిలేస్తే మూడేళ్లకు ఊడిపోతుంది.